దాచుకున్న ఆర్‌ఎక్స్ 100 అమ్మకానికి వస్తే ఏం చూసి కొనాలి

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు మన రోడ్ల మీదికి 1985 చివర్లో వచ్చింది. యమహాతో ఒప్పందం చేసుకున్న ఎస్కార్ట్స్ సంస్థ మొదట్లో జపాన్ నుంచి విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించి అమ్మింది. తర్వాత భాగాలు ఒక్కొక్కటిగా ఇక్కడే తయారయ్యాయి. 1996లో కొత్త కాలుష్య నిబంధనలు రావడంతో తయారీ ఆగిపోయింది. అందుకే ఇవాళ అమ్మకానికి కనిపించే చిట్టచివరి మోడల్‌కి కూడా ముప్పై ఏళ్ల వయసు ఉంటుంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్‌పవర్, నూరు కిలోలకు అటూఇటూ బరువు, నాలుగు గేర్లు. అంత తేలికైన బండికి ఆ పవర్ చేరడం వల్లే దాని పరుగు ఇంకా జనం మనసులోంచి పోలేదు. ధర పెరుగుతున్నదీ అందుకే, మోసాలు పెరుగుతున్నదీ అందుకే.

ప్రకటనలో "కండిషన్ సూపర్, షోరూమ్ పీస్" అని ఉంటే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. దాచుకున్న బండి వేరు, తయారు చేసిన బండి వేరు. దాచుకున్నదానికి కంపెనీ రంగే ఉంటుంది. అక్కడక్కడా గీతలుంటాయి, క్రోమ్ కాస్త మసకబారి ఉంటుంది, బోల్టుల తలలు మాత్రం అరగవు. తయారు చేసినదాన్ని ఊడదీసి, రంగు కొట్టించి, కొత్త స్టిక్కర్లు వేసి నిలబెట్టి ఉంటారు. మంచి చేతుల్లో తయారైతే అదీ మంచిదే. కానీ మెరుపు కింద ఏముందో కంటికి కనబడదు. రెండు బండ్లూ ఒకే ధర చెబితే, గీతలున్న పాత రంగు బండినే తీసుకోండి.

బేరానికి పనికొచ్చే లెక్క కూడా ఇక్కడే ఉంది. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, ఆయిల్ సీళ్లు, బేరింగులు, బ్రేక్ షూలు, రబ్బర్లు అన్నీ ఈరోజుకీ కొనుక్కోవచ్చు. సరైన కాగితాలు, నంబర్లు చెదరని ఫ్రేమ్, పగలని అసలు క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు పెట్టె), పోర్టులు (గాలి, పొగ వచ్చిపోయే దారులు) ఎవరూ గీకని సిలిండర్, సొట్టలూ తుప్పూ లేని అసలు ట్యాంకు, క్రోమ్ నిలిచిన మడ్‌గార్డులు, కంపెనీ సైలెన్సర్ మాత్రం డబ్బు పెట్టినా సులువుగా దొరకవు. దొరికేవి పాడైతే ధర తగ్గించి అడగండి. దొరకనివి పాడైతే ఆ బండి మీద ఆశ వదులుకోవడం మేలు.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడే

అమ్మే వ్యక్తిని మూడు అడగండి. ఒకటి, ఆర్సీ రెండు వైపులా ఫొటో. రెండు, ఫ్రేమ్ మీద, ఇంజన్ మీద పంచ్ చేసిన నంబర్ల ఫొటోలు, దగ్గర నుంచి, వెలుతురులో తీసినవి. మూడోది ముఖ్యం: మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వేడెక్కిన ఇంజన్ చాలా లోపాలు దాచేస్తుంది. మీరు వెళ్లేసరికి హెడ్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే, పూర్తిగా చల్లారేదాకా ఆగి చూడండి, లేదా ఇంకో రోజు రండి.

వెళ్లేటప్పుడు ఒక సంచిలో టార్చి, 21 సైజు ప్లగ్ పానా, మామూలు పానాల సెట్టు, చిన్న అయస్కాంతం, తెల్ల గుడ్డ, పొడవాటి దారం, వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టుకోండి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటరు) ఉంటే అదీ తీసుకెళ్లండి. ప్లగ్ రంధ్రానికి సరిపోయే మర అడాప్టర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. చిన్న అడాప్టర్ లేక చాలామంది గేజ్‌ను సంచిలోనే ఉంచి వచ్చేస్తారు.

కాగితాలు

ఇంజన్ కంటే ముందు ఇవే చూడాలి. కాగితాలు తేలకపోతే మిగతాదంతా చూసి లాభం లేదు.

ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం, సీసీ, రంగు, ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు, ఎన్నో యజమాని అన్నది చదవండి. సీసీ 98 అని ఉండాలి. రంగు ఆర్సీలో ఒకటి, బండి మీద ఇంకోటి ఉంటే తిరిగి రంగు కొట్టించారన్నమాట. అది నేరమేమీ కాదు గానీ ఆర్సీలో మార్పు నమోదు చేయించాలి. ఇంజన్ నంబరు తేడా ఉంటే వ్యవహారం వేరు. ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజన్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. "చిన్న పని, మేం చేయించి పెడతాం" అంటే, ముందు చేయించమనండి, తర్వాతే డబ్బు.

రిజిస్ట్రేషన్ నంబరు కూడా బండి వయసు చెబుతుంది. 1988 చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు నంబర్లు మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యేవి. ఏపీ 9, ఏపీ 16 వంటి జిల్లా అంకెలు ఆ తర్వాతి పద్ధతి. "1986 మోడల్, జపాన్ ఇంజన్" అని చెబుతూ ప్లేటు మీద ఏపీ 09 కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న ఉంది: వేరే రాష్ట్రం నుంచి వచ్చి తిరిగి నంబరు తీసుకుందా, లేక సంవత్సరమే తప్పా? జవాబు ఆర్సీలో ఉండాలి. నోటి మాట చాలదు.

రాష్ట్రం విడిపోయాక చాలామంది ఇబ్బంది పడే చోటు ఇంకొకటుంది. రెండు బండ్ల మీదా "ఏపీ" అనే ఉన్నా, రికార్డులు రెండు రాష్ట్రాల్లో ఉండొచ్చు. ఏపీ 09 హైదరాబాద్‌ది, ఏపీ 36 వరంగల్‌ది. ఈ రికార్డులు ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి. ఏపీ 16 కృష్ణా జిల్లాది, ఏపీ 31 విశాఖది. అవి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. విజయవాడలో ఉండి ఏపీ 09 బండి కొంటే అది పొరుగు రాష్ట్రపు బండి కింద లెక్క. ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి. ఫ్రేమ్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాలి, పోలీసు రికార్డుల్లో కేసు లేదని తేలాలి, చలానాలన్నీ కట్టి ఉండాలి. ఈ తిరుగుడు ఎవరు తిరగాలన్నది బేరంలోనే తేల్చుకోండి.

ఆన్‌లైన్‌లో నంబరు కొడితే వివరాలేమీ రాకపోవచ్చు. పాత పుస్తకం ఆర్సీలు చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కలేదు. అలాంటప్పుడు యజమానే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి పాత రికార్డు ఎక్కించుకోవాలి. అది అయ్యాకే ట్రాన్స్‌ఫర్ నడుస్తుంది. రిజిస్టర్లో ఆ పేజీ దొరకకపోతే బండి ఎంత బాగున్నా మీ పేరు మీదికి రాదు.

పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో దాటి ఉంటుంది కాబట్టి రెన్యువల్ ఎంతవరకు ఉందో చూడండి. ఫారం 25తో, ఇన్‌స్పెక్టర్ బండిని చూశాక, అయిదేళ్లకోసారి చేస్తారు. ద్విచక్ర వాహనానికి ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 2,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము వీటికి అదనం. గడువు దాటి ఏళ్లయిన బండి అయితే ఆ మొత్తం ఎంతవుతుందో ఆఫీసులో అడిగి, అంతా ధరలోంచి తీసేయండి.

ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, ఫారం 30. అప్పు మీద కొన్న బండి అయితే ఫారం 35తో పాటు ఫైనాన్స్ సంస్థ లేఖ ఉండాలి. 1990లో తీర్చేసిన అప్పు కూడా ఆర్సీలో అలాగే మిగిలిపోవడం మామూలే. యజమాని చనిపోయి ఉంటే వారసులు ముందు ఫారం 31తో తమ పేరు మీదికి మార్చుకోవాలి. "నాన్నగారి బండి, ఆయన సంతకం పెట్టిన ఫారాలున్నాయి" అన్నచోట ఆగిపోండి. చనిపోయిన మనిషి సంతకంతో చేసిన ట్రాన్స్‌ఫర్ రేపు మీ మెడకే చుట్టుకుంటుంది.

"వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు" అనే మాటకు కూడా విలువ ఇవ్వకండి. 2021 నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటినవే వింటేజ్. మొట్టమొదటి ఆర్‌ఎక్స్ 100కి కూడా 2035 దాకా ఆ అర్హత రాదు. అప్పటిదాకా ఇది చట్టం దృష్టిలో మామూలు పాత బండే.

నంబర్లు, అసలు భాగాలు

హ్యాండిల్ కింద స్టీరింగ్ తిరిగే గొట్టం మీద ఫ్రేమ్ నంబరు ఉంటుంది. ఇంజన్ నంబరు క్రాంక్‌కేసు మీద. తెల్ల గుడ్డతో మట్టి తుడిచి, టార్చిని పక్కగా పెట్టి చూడండి. వెలుతురు ఏటవాలుగా పడితే గ్రైండర్ గీతలు బయటపడతాయి. కంపెనీ పంచ్‌లో అక్షరాల లోతు, ఎడం ఒకే తీరుగా ఉంటాయి. ఒక అంకె పైకి, ఒకటి కిందికి ఉన్నా, చుట్టూ లోహం నున్నగా అరిగి ఉన్నా, అక్కడొక్కచోటే రంగు మందంగా ఉన్నా, దగ్గర్లో వెల్డింగ్ ఉన్నా వెనక్కి వచ్చేయండి. అది దొంగబండి కాకపోవచ్చు. అయినా మీరు అమ్మబోయే రోజున ఆ అనుమానం మీ మీదికే వస్తుంది.

జపాన్ నుంచి వచ్చిన తొలి బండ్లకు గిరాకీ ఎక్కువ కాబట్టి ఆ మాట తేలిగ్గా వాడేస్తారు. స్టిక్కరు సాక్ష్యం కాదు. పోతలోనే వచ్చిన గుర్తులు, రిమ్ము మీద, కార్బొరేటర్ మీద, మీటర్ వెనక చెక్కిన జపాన్ ముద్రలు సాక్ష్యం. అవి ఒక భాగం మీద ఉండి మిగతావాటి మీద లేకపోతే, ఆ భాగం ఒక్కటే ఇంకో బండి నుంచి వచ్చిందని అర్థం. ఈ ముద్రలతో పాటు ఆర్సీలో సంవత్సరం కూడా కుదిరితేనే ఎక్కువ ధర ఇవ్వండి.

ట్యాంకు మీద పుట్టీ ఉందేమో అయస్కాంతంతో చూడొచ్చు. రేకు ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారుతుంది. అయస్కాంతానికి గుడ్డ చుట్టండి, రంగు గీసుకుపోతుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. గోడలు బూడిదరంగులో ఉంటే మంచిది, ఎర్రటి పొడి ఉంటే కడిగించాలి. అడుగున, సీటు వైపు కింది మూలలో తడి మరక ఉంటే సన్న రంధ్రం పడిందన్నమాట. కాకినాడ, విశాఖ, నెల్లూరు వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాచిన బండి అయితే క్రోమ్ కింద పుట్టే సన్నటి పొక్కుల్ని కూడా చూడండి. పాలిష్‌తో పోయేది పైమరకే. పొక్కులు రేకులోంచి వస్తాయి కాబట్టి రీక్రోమింగ్ తప్పదు. రీక్రోమ్ చేసిన మడ్‌గార్డు అసలుదానంత నిలవదు.

చల్లని ఇంజన్

బండి ఏళ్ల తరబడి కదలకుండా ఉందంటే నేరుగా కిక్ కొట్టకూడదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) ఆయిల్ తడిలో ఉంటుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటు వచ్చే ఆయిల్ తుంపరే క్రాంకుకు దిక్కు. బండి ఆగాక ఆ తుంపర ఆరిపోతుంది, తేమ క్రాంక్‌కేసులోకి దిగుతుంది, కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు మీద సన్నటి తుప్పు పూస్తుంది. "పదేళ్లు షెడ్డులోనే ఉంది, నడపనే లేదు" అన్నమాట గొప్పగా వినిపిస్తుంది గానీ టూ స్ట్రోక్ విషయంలో అది హెచ్చరిక. ప్లగ్ తీసి సిరంజితో అయిదారు మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) వేసి, నాలుగో గేర్లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఇంజన్ బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకండి. ధర లెక్కలో పూర్తి ఇంజన్ పని కలుపుకుని మాట్లాడండి.

మామూలుగా నడుస్తున్న బండి అయితే ప్లగ్ తీసి రంగు చూడండి. లేత కాఫీ రంగు మంచిది. తెల్లగా సుద్దలా ఉంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతోంది, పిస్టన్ పట్టేసే (సిలిండర్లో బిగుసుకుపోయే) ప్రమాదం ఉంది. నల్లగా జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్ ఎక్కువ పోతోంది, లేదా గేరుబాక్సు ఆయిల్ లోపలికి వస్తోంది. తళతళలాడే కొత్త ప్లగ్ అయితే పాతది ఎక్కడని అడగండి.

ప్లగ్ రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు పెరగడం ఆగేదాకా అయిదారు కిక్కులు కొట్టండి. మరచిపోకుండా యాక్సిలరేటర్ తెరిచి ఉంచాలి. మూసి ఉంచితే మంచి ఇంజన్ కూడా తక్కువ చూపిస్తుంది. ఇలాంటి చిన్న టూ స్ట్రోక్‌లకు ఒక మోటు లెక్కుంది: 120 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉంటే నిశ్చింత, 100కు దిగితే రింగుల గురించి ఆలోచించాలి, 90 కంటే తక్కువైతే బోరు పని (సిలిండర్ లోపలి గోడ కోయించి పెద్ద పిస్టన్ వేయడం) ఖాయం. గేజ్ లేకపోతే ప్లగ్ బిగించి, కిక్ రాడ్ మీద చేత్తో నొక్కండి. పిస్టన్ పైకి వచ్చేచోట ఎదురు ఒత్తిడి స్పష్టంగా తగలాలి. కిక్ రాడ్ ఖాళీగా జారిపోతే కిక్ గేరు పళ్లు అరిగాయా, కంప్రెషనే లేదా అన్నది విడిగా తేల్చుకోవాలి.

యజమాని ఒప్పుకుంటే సైలెన్సర్ బోల్టులు విప్పి ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేయండి. అయిదు నిమిషాల పనే, కానీ ఇంజన్ లోపలి సంగతి చాలా చెబుతుంది. పిస్టన్‌ను కిందికీ పైకీ జరుపుతూ చూస్తే దాని పక్కగోడ, రింగులు, కొంత సిలిండర్ గోడ కనిపిస్తాయి. నిలువుగా లోతైన గీతలుంటే ఒకసారి పట్టేసిన ఇంజన్. పోర్టు అంచులు గరగరలాడుతూ ఫైల్ గీతలతో ఉంటే వేగం కోసం పోర్టింగ్ చేశారు. అలాంటి ఇంజన్ పైన ఉరుకుతుంది, కింద బలం ఉండదు, పెట్రోల్ తాగుతుంది. దాన్ని వెనక్కి తిప్పలేరు, వేరే సిలిండర్ వెతకాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ జరిగే మార్పిడి. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ బోరు (లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ. తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్ 135కి స్ట్రోక్ అదే 50, బోరు మాత్రం 58. ఈ పోలిక వల్ల 135 ఇంజన్‌ను 100 ఫ్రేములో ఎక్కించి అమ్మేవాళ్లున్నారు. నడిపితే ఇంకా బాగా పరిగెడుతుంది, కొనేవాడు సంబరపడతాడు. ఆర్సీలో మాత్రం 98 సీసీ అనే ఉంటుంది. హెడ్ నట్లు విప్పి పైకెత్తితే వెర్నియర్ కూడా అక్కర్లేదు, 8 మి.మీ. తేడా కంటికే ఆనుతుంది. హెడ్ విప్పడానికి యజమాని సందేహిస్తే కొత్త హెడ్ గాస్కెట్ మీరే కొనిస్తానని చెప్పండి. తిరిగి బిగించేటప్పుడు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. హెడ్ తీసినప్పుడు పిస్టన్ తల మీది అంకె కూడా చదవండి. ఏ అంకె లేకుంటే మొదటి బోరు. 0.25, 0.50, 0.75, 1.00 అని ఉంటే అన్ని మిల్లీమీటర్ల మేర బోరు పెంచారు. 1.00 దాకా వచ్చిన సిలిండర్‌కు ఇక పెద్దగా మిగల్లేదు, తర్వాతిసారి స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేయించాల్సిందే. 0.25 ఉన్నా భయపడాల్సిన పనిలేదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి బోరు పడడం సహజం.

స్టార్ట్ చేశాక

చోక్ వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా కొట్టండి. బాగున్న బండి రెండు మూడు కిక్కుల్లో లేస్తుంది. మొదటి రెండు మూడు నిమిషాలు పొగ రావడం ఇంజన్ తీరు. వేడెక్కాక పల్చబడాలి. పల్చబడకుండా తెల్లటి దట్టమైన పొగ వస్తూ, గేర్ ఆయిల్ కాలిన వాసన వేస్తే కుడివైపు, క్లచ్ పక్కనున్న క్రాంకు సీలు పోయింది. ఇంజన్ గేరుబాక్సు ఆయిల్‌ను పీల్చుకుంటోంది. ఎడమవైపు, మాగ్నెట్ (కరెంటు పుట్టించే భాగం) పక్కనున్న సీలు పోతే పొగ రాదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం. బయటి గాలి లోపలికి చొరబడి మిశ్రమం పల్చనవుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. గుర్తుపట్టే తీరు ఇదీ: యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పి వదిలితే ఇంజన్ వేగం టక్కున దిగాలి. దిగకుండా పైనే కాసేపు వేలాడి నెమ్మదిగా వస్తే గాలి లీకు ఉంది. ఆ లీకు సీలులో కావచ్చు, కార్బొరేటర్ దగ్గరి రబ్బరులో కావచ్చు, రీడ్ వాల్వ్ (మిశ్రమం లోపలికి వెళ్లే దారిలోని రేకు తలుపు) గాస్కెట్‌లో కావచ్చు. ఐడిల్ స్క్రూ తిప్పి దాన్ని సర్దేస్తారు, నమ్మకండి.

శబ్దాలు వినండి. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గిపోతే పిస్టన్‌కూ బోరుకూ సందు పెరిగింది. వేగం పెంచేకొద్దీ కిందినుంచి గుర్రుమనే శబ్దం వస్తే మెయిన్ బేరింగులు. లోతైన దెబ్బ శబ్దం వస్తే రాడ్ కింది బేరింగు. క్లచ్ నొక్కగానే మాయమయ్యే గలగల మాత్రం క్లచ్ బాస్కెట్‌ది, అది చిన్న ఖర్చు. క్రాంకు పని మాత్రం పెద్దది. క్రాంకు మొత్తం బయటికి తీసి, ప్రెస్ మీద విడదీసి, కొత్త రాడ్ కిట్ ఎక్కించి, రెండు వైపులా సూటిగా నిలబెట్టాలి. ఆ చివరి పని చేయగల లేత్ మేస్త్రీ మీ ఊళ్లో ఉన్నాడో లేడో ముందే తెలుసుకోండి. సరిగ్గా నిలబెట్టని క్రాంకు కొత్త బేరింగుల్ని కూడా తినేస్తుంది.

2టీ ఆయిల్ పంపు సంగతి తప్పక అడగండి. విడి ట్యాంకులోంచి పంపు ఆయిల్‌ను అవసరానికి తగ్గట్టు పంపేలా ఈ బండిని చేశారు. పంపు మీద నమ్మకం లేక చాలామంది మెకానిక్కులు దాన్ని మూసేసి, పెట్రోల్‌లోనే ఆయిల్ కలపమంటారు. అలా నడిపినా తప్పు లేదు గానీ, మీకు ఆ సంగతి తెలియకపోతే ఆయిల్ ట్యాంకు నిండుగా ఉందన్న ధీమాతో ఉత్త పెట్రోల్ కొట్టిస్తారు, ఇంటికి చేరేలోపే పిస్టన్ పట్టేస్తుంది.

నడిపి చూసేటప్పుడు రెండు పరీక్షలు చాలు. రెండో గేర్లో యాక్సిలరేటర్ తెరుస్తూ మూస్తూ వెళ్లండి. గేరు ఎగిరి న్యూట్రల్‌లో పడితే గేర్ల డాగ్ పళ్లో, గేరు మార్చే ఫోర్కో అరిగాయి. నాలుగో గేర్లో నలభై కిలోమీటర్ల వేగం మీద యాక్సిలరేటర్ పూర్తిగా తెరవండి. ఇంజన్ అరుపు పెరిగి బండి అదే వేగంలో ఉంటే క్లచ్ జారుతోంది. ఆ తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే అనుమానం మాగ్నెట్ కాయిల్ మీద. వేడికి లోపలి తీగ విడిపోయి కరెంటు తెగుతుంది. ఇంటి ముందు రెండు నిమిషాలు నడిపి చూస్తే ఇది ఎప్పటికీ బయటపడదు.

చాసిస్

ఇది త్వరగా అయిపోతుంది. మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని పక్కలకు ఊపండి. ఆట ఉంటే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కమ్మీ) బుష్‌లు గానీ, చక్రం బేరింగులు గానీ పోయాయి. ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ బేరింగులు) మార్చాలి. ముందు ఫోర్కు గొట్టాలు సీలు దగ్గర తడిగా ఉంటే సీళ్లు మార్చాలి. వాటి క్రోమ్ మీద తుప్పు చుక్కలుంటే కొత్త సీలు కూడా నిలవదు, గొట్టాలే మార్చాలి. దారాన్ని వెనక టైరు నుంచి ముందు టైరు దాకా రెండు వైపులా లాగి చూస్తే గుద్దుకుని వంగిన ఫ్రేమ్ పట్టుబడుతుంది. వెనక టైరు వెడల్పు ఎక్కువ కాబట్టి ముందు టైరుకు రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 1419 అంటే 2019లో 14వ వారం. పువ్వులు అరగకపోయినా, రబ్బరు గట్టిపడి పగుళ్లున్న టైరుతో వానలో వెళ్లకండి.

ఇంటికి తెచ్చాక మొదటి వారం

పంపు పని చేస్తోందన్న నమ్మకం కుదిరేదాకా మొదటి ట్యాంకులో లీటరు పెట్రోల్‌కు 20 నుంచి 25 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ కూడా కలపండి. పంపు నడుస్తుంటే పొగ కాస్త ఎక్కువవుతుంది, అంతే. ఆయిల్ ట్యాంకు మీద టేపు అంటించి మట్టం గుర్తు పెట్టండి. వంద కిలోమీటర్లు తిరిగాక మట్టం దిగితే పంపు పని చేస్తోంది. దిగకపోతే విప్పి చూడాలి. పైపులో గాలి బుడగలుంటే పంపు స్క్రూ వదులు చేసి, ఆయిల్ బుడగలు లేకుండా కారేదాకా ఆగి బిగించాలి. పంపు మూసేసి ఉన్న బండికైతే కలపడమే పద్ధతి: లీటరుకు 25 మిల్లీలీటర్లంటే నలభైకి ఒక పాలు, 33 అంటే ముప్పైకి ఒక పాలు. కొత్త బోరు పడిన ఇంజన్‌కు మొదట్లో 33 పోసి, తర్వాత తగ్గించుకోవచ్చు.

గేరుబాక్సు ఆయిల్ దించి చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది. సన్నటి మెరిసే పొడి మామూలే, వేలికి తగిలే ముక్కలు మాత్రం కావు. కార్బొరేటర్ విప్పి గిన్నె అడుగు, జెట్లు శుభ్రం చేసి, ఫ్లోట్ సూది, రబ్బరు రింగులు, పెట్రోల్ పైపు మార్చేయండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ బండి రబ్బర్లు ఆ రోజుల్లో దానికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, మెత్తబడతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి పాత ట్యాంకు లోపల తుప్పు కూడా త్వరగా పడుతుంది. రెండు వారాలకు మించి తీయని బండి అయితే పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజి పొడిగా రాలిపోతుంటే వెంటనే మార్చాలి, ఆ పొడి నేరుగా సిలిండర్లోకి వెళ్తుంది. బ్రేకులు విప్పి, షూలు అద్దంలా గట్టిపడి ఉంటే కొత్తవి వేయించండి. రెండు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండి ఇది, ఇంజన్ వేగానికి తగ్గ బ్రేకు కావాలంటే షూలు, కేబుల్, డ్రమ్ము గుండ్రదనం మూడూ బాగుండాలి. ఏ అసలు భాగం తీసినా, పగిలిందైనా సరే, పారేయకుండా పేరు రాసి డబ్బాలో పెట్టండి. పాత సైలెన్సర్ మీది ముద్ర, విరిగిన పక్క కవరు, అరిగిన లీవరు రేపు కొత్తది చేయించుకోవాలంటే కొలతకు అవే ఆధారం.

ఇన్సూరెన్స్ మాత్రం బండి తీసుకున్న రోజే చూసుకోండి. కనీసం థర్డ్ పార్టీ పాలసీ లేకుండా రోడ్డెక్కకూడదు. ట్రాన్స్‌ఫర్ అయిన 14 రోజుల్లో పాలసీలో పేరు మార్పించాలి. ఆర్సీ మీ పేరుతో చేతికి వచ్చేదాకా అమ్మినవారి ఆధార్ నకలు, సంతకం చేసిన అమ్మకం కాగితం, డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చిన రసీదు మూడూ ఒకే కవర్లో ఉంచండి. కొంత మొత్తం ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యాకే ఇస్తానని మొదటే ఆ కాగితంలో రాయించుకోండి.